దీపాంతరం పోయిన మా పెద్దాయన

మా హోసూరు వైపు పల్లెల్లో ‘దీపాంతరం పోయినాడు’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడని వాణ్ణి అట్లా అంటారు. ఈ మాటలో దీపం ఏమీ లేదు. అది ‘ద్వీపాంతరం’. అంటే ఇంకొక దీవి. పలికీ పలికీ ‘ద్వీ’ కాస్తా ‘దీ’ అయింది. మన చుట్టూ ఉన్న తమిళం వాళ్ళు ‘తీవాంతరం’ అంటారు. రెండూ ఒకటే. ఇంగ్లీషువాళ్ళ కోర్టులు ఖైదీని సముద్రం దాటించి దూరదేశంలో పడేసే శిక్షకు మన భాషలో పెట్టుకున్న పేరు ద్వీపాంతరవాసం.

మద్రాసు నుంచి ఈ శిక్ష మీద పోయినవాళ్ళు అందరూ అండమానుకే పోలేదు. అండమాను కంటే ముందు బెంకూలెన్, పెనాంగ్, మలక్కా, సింగపూర్, మౌల్మేన్ ఇవన్నీ ఉన్నాయి. సింగపూర్‌కు 1825 నుంచి మన దేశపు ఖైదీలను తీసుకుపోయారు. అక్కడి రోడ్లు వేసింది, సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది వాళ్ళే. ఆ చర్చి గోడలకు పూసింది మద్రాసు సున్నం. గుడ్డు తెల్లసొన, బెల్లం లాంటి ముతక చక్కెర, కొబ్బరి పీచు నానిన నీళ్ళు కలిపి చేసేది. 1857 తిరుగుబాటు తరవాత, 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలయింది. అక్కడినుంచి ద్వీపాంతరం అంటే అండమానే అయిపోయింది. ఇండియన్ పీనల్ కోడ్‌లో ఈ శిక్ష స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు ఉంది. 1955లో చేసిన సవరణతోనే ‘యావజ్జీవ ద్వీపాంతరం’ పోయి ‘యావజ్జీవ ఖైదు’ వచ్చింది.

మా ఇంట్లో కూడా ఒకాయన దీపాంతరం పోయినాడు. ఆయన మా తాతకు ముత్తాత. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరికి ఉంది, ఒకడు ఎనిమిదో క్లాసు చదువుతున్నాడు. అందుకని ఇక్కడ ‘పెద్దాయన’ అనే అంటాను.

పెద్దాయన పోయేటప్పటికి ఆయన కొడుకు మూడేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడే పెద్దయి, ముసలివాడయి, మా తాతకు చిన్నప్పుడు ఈ కథ చెప్పినాడు. అంటే నాకూ ఆ కథకూ మధ్య ఉన్నది ఒక్క మా తాతే. ఆయన దగ్గర ఉన్నవి నాలుగే నాలుగు మాటలు. “కరువులో పట్టుకపోయినారు. సేలం జైల్లో పెట్టినారు. అండమానుకు పంపినారు. ఆ అవ్వ సచ్చేదాకా గాజులు తీయలేదంట.” అంతే. ఏ నేరం, ఏ సంవత్సరం, మళ్ళీ వచ్చినాడా లేదా, ఏదీ లేదు. “మా తాతకు కూడా తెలీదు పాపా. తెలిసినా చెప్పలేదేమో” అంటాడు మా తాత.

ఈ నాలుగు మాటల్నీ వెతకాల్సిన పని ఎందుకు పడిందంటే, మా ఊరి గుడి పక్కన మండపం కట్టారు. దేశానికి పని చేసిన ఊరివాళ్ళ పేర్లతో అందులో ఒక రాయి నాటుదామని పెద్దలు అనుకున్నారు. పట్టాళంలో పని చేసినవాళ్ళు ఇద్దరున్నారు. మా నాయన లేచి “మా ఇంటి పెద్దాయన అండమాను పోయినాడు” అన్నాడు. అండమాను అనగానే అందరూ సరేనన్నారు. సినిమాల్లో, పాఠాల్లో అండమాను అంటే సెల్యులార్ జైలు, దేశభక్తులు అనే కదా మనకు తెలుసు. ఒకాయన మాత్రం, రాయి మీద ఎక్కించే ముందు ఏదో ఒక కాగితం ఉంటే బాగుంటుంది అన్నాడు. ఇంట్లో చెన్నైలో ఉండేది నేను. ఆ పని నా మీద పడింది.

మొదట నాకు అడ్డం తగిలింది లెక్క. సెల్యులార్ జైలు కట్టడం మొదలుపెట్టింది 1896లో, పూర్తయింది 1906లో. మా తాత వాళ్ళ తాత వయసు వెనక్కి లెక్క వేస్తే పెద్దాయన పోయింది 1870ల చివర్లో అని తేలుతుంది. అప్పటికి ఆ జైలు పునాది కూడా లేదు. పైగా అండమాను పోయినవాళ్ళలో రాజకీయ ఖైదీలు కొద్దిమందే. తెలుగువాళ్ళలో అట్లాంటి వాళ్ళు లేరని కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు. అయితే ఓడలెక్కిన వేలమందిలో ఎక్కువ మంది హత్య, దోపిడీ లాంటి మామూలు నేరాల మీద పోయినవాళ్ళే. ఈ సంగతి నాయనకు ఫోన్లో చెప్తే, “ముందు కాగితం చూడు, తరవాత మాట్లాడదాం” అన్నాడు.

ఎగ్మోరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్ మీలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. 1909లో కట్టిన ఎర్ర భవనం. ఒకప్పుడు దాని పేరు మద్రాస్ రికార్డ్ ఆఫీసు. పాత మద్రాసు రాజధాని మొత్తం, అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా, కాగితాల రూపంలో అందులో ఉంది. మా డిపార్ట్‌మెంట్ మేడమ్ ఇచ్చిన లెటర్ పట్టుకుని పోయాను. అక్కడ ‘మా పెద్దాయన కాగితం ఇవ్వండి’ అంటే ఎవరూ తెచ్చివ్వరు. ఏ డిపార్ట్‌మెంట్, ఏ సంవత్సరం, ఏ నంబరు అన్నది మనమే రాసివ్వాలి. నేరాలు, జైళ్ళు, శిక్షలు అన్నీ జ్యుడీషియల్ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తాయి. ఏడాదికొక ఇండెక్సు ఉంటుంది. ముందు దాన్ని చదవాలి, అందులో నంబరు పట్టుకోవాలి, చీటీ రాసివ్వాలి, ఆ కట్ట వచ్చేదాకా కూర్చోవాలి.

అన్నిటికంటే కష్టం పేర్లు. తెలుగు పేరును ఇంగ్లీషు దొర చెవితో విని, తమిళ గుమాస్తా చేత్తో రాస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటాయి. హోసూరునే పాత కాగితాల్లో ‘ఊసూరు’ అనే పలుకుబడితో రాశారు. ‘హ’ కింద వెతికితే దొరకదు, ‘ఊ’ కింద చూడాలి. అప్పట్లో హోసూరు సేలం జిల్లాలో తాలూకా కాబట్టి సేలం పేరున్న ప్రతి వరుసా చదివాను. మొదటి రోజు 1876. రెండో రోజు 1877. శనివారం ల్యాబ్ లేని మా బ్యాచ్ వాళ్ళంతా మెరీనాకు పోతే నేను అక్కడ కూర్చుని దొంగల పేర్లు చదివాను. వెల్లూరు, కడప, బళ్ళారి, సేలం. ఎక్కడ చూసినా దోపిడీ, దోపిడీ, దోపిడీ.

1878 ఇండెక్సులో ఆయన దొరికాడు. అది ఆయన నేరం గురించిన వరుస కాదు. ఒక అర్జీ గురించిన వరుస. ఫలానా ఖైదీ భార్య పెట్టుకున్న అర్జీ, సేలం జిల్లా, ఊసూరు తాలూకా. పేరు మాదే, ఊరి పేరు ఒక అక్షరం తేడాతో మాదే.

కట్ట తెప్పించి చూశాను. రెండున్నర పేజీలు. అర్జీ వచ్చింది కాబట్టి ప్రభుత్వం సేలం సెషన్స్ జడ్జిని కేసు వివరం అడిగింది. ఆయన క్లుప్తంగా రాసి పంపాడు. అందులో ఉన్నది ఇది.

1877లో ఒక రాత్రి తొమ్మిది మంది కలిసి పక్క ఊరి రైతు పొలంలో ఉన్న పాతర తవ్వారు. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. మా వైపు రాగులు అట్లానే దాచేవాళ్ళు, ఏళ్ళు గడిచినా పురుగు పట్టవు. మూడు మూటల రాగులు ఎత్తుకుపోయారు. కాపలా ఉన్న ముసలాయన అడ్డం వస్తే కొట్టారు. ఆయన చెయ్యి విరిగింది. ఆయన కంబళి, చెంబు కూడా తీసుకుపోయారు. తొమ్మిది మందిలో ఆరుగురు దొరికారు. ఐదుగురో అంతకంటే ఎక్కువ మందో కలిసి దోచుకుంటే పీనల్ కోడ్ దాన్ని ‘డెకాయిటీ’ అంటుంది. 395వ సెక్షన్. దానికి యావజ్జీవ ద్వీపాంతరం దాకా వేయవచ్చు. ముసలాయన్ను కొట్టింది మా పెద్దాయనే అని సాక్షులు చెప్పారు. మిగతా వాళ్ళకు జైలు, ఆయనకు ద్వీపాంతరం.

పక్క ఊరి రైతు అన్నాను కదా. ఆ ఇంటిపేరు వాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. మా పెళ్ళిళ్ళకు వస్తారు, వాళ్ళ పెళ్ళిళ్ళకు మేము పోతాము.

ఈ కాగితం చదివినవాళ్ళకు 1877 అంటే ఏమిటో తెలియకపోతే ఇది ఒక దొంగతనం కథ మాత్రమే. 1876-77 ధాత సంవత్సరం. తరవాతది ఈశ్వర. మా అవ్వలు ఇప్పటికీ తిండి పారేస్తే “ధాత కరువులో పుట్టి ఉంటే తెలిసేది” అంటారు. వరసగా వానలు తప్పాయి. ధాన్యం ధర రెండింతలు, మూడింతలు అయింది. ధరల జోలికి పోకూడదన్నది వైస్రాయి లార్డ్ లిట్టన్ సర్కారు పట్టిన పట్టు. కరువు పనికి పోయిన మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌండు అంటే అర కేజీ కూడా కాదు. దాంతో మనిషి మట్టి మోసి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఒక్క సేలం జిల్లా లెక్క చూడండి. 1871 జనాభా లెక్కల్లో 19 లక్షల 66 వేలకు పైగా మనుషులు. 1881లో 16 లక్షలకు లోపు. పెరగాల్సిన పదేళ్ళలో మూడున్నర లక్షలకు పైగా తగ్గిపోయారు. చచ్చినవాళ్ళు కొందరు, దేశాలు పట్టి పోయినవాళ్ళు కొందరు.

ఆ కరువు గుర్తు మన చెన్నైలోనే ఒకటుంది. మనం రోజూ ముక్కు మూసుకుని దాటే బకింగ్‌హామ్ కాలువలో, అడయారుకూ కూవానికీ మధ్య ముక్కను ఆ కరువు కూలీల చేతనే తవ్వించారు. కాలువకు పేరిచ్చిన డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామే అప్పటి మద్రాసు గవర్నరు. మా పెద్దాయన భార్య అర్జీ పోయింది ఆయన సర్కారుకే.

అయినా ఒక మాట నిజంగా చెప్పాలి. కరువు ఉంది కాబట్టి చెయ్యి విరిగిన ముసలాయనకు నొప్పి తక్కువ కాలేదు. ఆయనకూ అదే కరువు. ఆయనది కాని ధాన్యానికి కాపలా కాస్తున్నాడు, బహుశా రోజుకు ఒక పిడికెడు రాగుల కోసం. దెబ్బ తిన్నదీ పేదవాడే, కొట్టిందీ పేదవాడే. పాతర ఉన్న రైతుకు మూడు మూటలు పోయాయి. ఈ ముగ్గురిలో ఎవరు ఎక్కువ నష్టపోయారో ఆ రెండున్నర పేజీల్లో నాకు స్పష్టంగానే కనిపించింది. అయితే అది పెద్దాయన్ను దేశభక్తుణ్ణి చేయదు.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు జిరాక్సు కాగితం తీసి అందరి ముందూ చదివాను. ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం. నాయన మధ్యలో లేచి బయటికి పోయి, ఆవుకు నీళ్ళు పెట్టి వచ్చినాడు. అప్పటికే ఆయన నలుగురి ముందు చెప్పేసిన మాట అది. మా చిన్నాయన, “ఇంగ్లీషోడి ధాన్యం దోచినాడని చెప్తే సరిపోతుంది కదా, ఎవరు చూస్తారు?” అన్నాడు. ఎవరూ చూడరన్నది నిజమే. ఆర్కైవ్స్‌కు పోయి ఆ ఇండెక్సు తిరగేసే వాళ్ళు మా తాలూకాలో ఇంకొకరు ఉండరు. కొంచెం మాట మార్చితే రాయి మీద పేరు వచ్చేస్తుంది.

నాయన చాలాసేపటికి నోరు తెరిచినాడు. “ఆ ముసలాయన చెయ్యి విరగ్గొట్టి, వాళ్ళే పెళ్ళికి వచ్చి కూర్చునే మండపంలో మన పేరు చెక్కిస్తే ఎట్ల? వద్దులే.” మరుసటి రోజు ఆయనే పోయి పేరు తీసేయమని చెప్పి వచ్చినాడు. కారణం అడిగితే, కాగితం సరిపోలేదు అన్నాడంట. పక్క ఊరి వాళ్ళకు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు. నాయన వద్దంటాడు, తాత చెప్పాలంటాడు.

తాత మొహంలో నాకు సిగ్గు కనిపించలేదు. ఆయన అడిగింది ఒకటే. “ఆ అర్జీలో ఏముంది పాపా? అది చదువు.”

నిజానికి నేను కూడా ఆ రెండున్నర పేజీల్లో ఎక్కువసార్లు చదివింది ఆ ఆరు వరుసలే. అర్జీదారు తన భర్తను విడుదల చేయమని వేడుకుంటోంది. అది కుదరకపోతే, తననూ తన మూడేళ్ళ కొడుకునూ కూడా భర్తతో పాటు అండమానుకు పంపమని వేడుకుంటోంది. అర్జీ తెలుగులో ఉంది. దయ చూపడానికి కారణం లేదు, అర్జీ తోసివేయడమైనది. అంతే.

సముద్రం దాటితే కులం పోతుంది, చచ్చినా కర్మ జరగదు అని జనం వణికిన కాలం అది. జైలు కంటే ద్వీపాంతరం అంటేనే ఎక్కువ భయమని సర్కారుకు తెలుసు, ఆ భయం కోసమే ఆ శిక్షను నమ్ముకున్నారు. అట్లాంటి కాలంలో మా ఊళ్ళో ఉన్న ఒక ఆడమనిషి, చదువు రాని మనిషి, నన్నూ అక్కడికే పంపండి అని గవర్నరుకు అర్జీ పెట్టింది. హోసూరు నుంచి సేలానికి సుమారు నూరు మైళ్ళు. అప్పుడు మా వైపు రైలు లేదు. ఆమె నడిచి పోయిందో, ఎవరిదైనా బండి ఎక్కిందో. అర్జీ రాసేవాడికి డబ్బులివ్వాలి కదా, ఆ కరువులో ఎక్కడ తెచ్చిందో. మా ఇంట్లో మిగిలిన నాలుగు మాటల్లో “గాజులు తీయలేదంట” అన్నదాని వెనక ఇంత ఉందని మా తాతకు డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో తెలిసింది. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, “మా తాత ఇది మాకు చెప్పనేలేదే” అన్నాడు. మూడేళ్ళ పిల్లాడికి అది తెలిసి ఉండదు. ఆ అవ్వ కూడా చెప్పి ఉండదు.

అప్పుడు మా అమ్మ అడిగింది. “ఆ అవ్వ పేరు ఏమి?”

కాగితంలో పేరు లేదు. ‘ఫలానా ఖైదీ భార్య’ అని ఉంది. తెలుగులో రాసిన అసలు అర్జీ ఆ కట్టలో లేదు, ఇంగ్లీషు సారాంశం ఒక్కటే ఉంది. ఆ అర్జీ కింద ఆమె పేరు రాసి ఉండాలి, పక్కన ఆమె వేలితోనో కలంతోనో పెట్టిన నిశాని ఉండాలి. అది పోయింది. అందరం తాత వైపు చూశాము. తాతకూ తెలీదు. మా మేనత్తకు ఫోన్ చేశాము, తెలీదు. పెద్దాయన పేరు తరానికొకరికి పెట్టుకుంటూ నూట యాభై ఏళ్ళు మోసుకొచ్చాము. దొంగతనం మీద పోయినాయన పేరు సర్కారు కాగితంలో మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంది. అర్జీ పెట్టిన ఆమె పేరు సర్కారూ రాయలేదు, మేమూ ఉంచుకోలేదు.

పెద్దాయన తరవాత ఏమయ్యాడన్నది కూడా వెతికాను. అప్పట్లో ద్వీపాంతరం పోయే ఖైదీలను మద్రాసు సెంట్రల్ జైల్లో ఉంచి ఓడ ఎక్కించేవాళ్ళు. ఆ జైలు సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉండేది. 1837 నాటిది. 2006లో ఖైదీలను పుళల్‌కు మార్చి, తరవాత దాన్ని పడగొట్టేశారు. ఇప్పుడు అక్కడ మెడికల్ కాలేజీ భవనాలున్నాయి. హార్బరు ఇంకా తయారు కాని రోజులు కాబట్టి, ఒడ్డు నుంచి మసూలా పడవల్లో అలల మీద ఊగుతూ ఓడ దాకా పోవాలి. సముద్రం ఎప్పుడూ చూడని రాగి పొలాల మనిషి ఆ పడవ ఎక్కినప్పుడు ఏమనుకున్నాడో.

అక్కడికి పోయాక మెడలో చెక్క బిళ్ళ వేస్తారు. దాని మీద ఖైదీ నంబరు, ఏ సెక్షన్, ఎప్పుడు శిక్ష పడింది అన్నీ ఉంటాయి. మొదటి ఏళ్ళు గుంపు పని. అడవి కొట్టడం, చిత్తడి నేలలు పూడ్చడం, రాళ్ళు మోయడం. మలేరియాతో చాలామంది చచ్చిపోయేవాళ్ళు. సుమారు పదేళ్ళు బాగా నడుచుకుంటే ‘సెల్ఫ్ సపోర్టర్’ అనే చీటీ ఇచ్చేవాళ్ళు. అప్పుడు కాస్త భూమి చేసుకోవచ్చు, దేశం నుంచి పెళ్ళాం పిల్లల్ని రప్పించుకోవచ్చు, లేకపోతే అక్కడి ఆడ ఖైదీల్లో ఎవరినైనా సర్కారు అనుమతితో పెళ్ళి చేసుకోవచ్చు. అట్లా ఏ కులంవాళ్ళో ఏ భాషవాళ్ళో కలిసి పెట్టుకున్న కాపురాల పిల్లల్నే అండమానులో ‘లోకల్ బోర్న్’ అంటారు. ఇరవై, ఇరవై ఐదేళ్ళు గడిస్తే కొందరిని వదిలిపెట్టేవాళ్ళు కూడా.

అంటే ఆమె అడిగింది జరగని పనేమీ కాదు. పదేళ్ళు ఆగి ఉంటే రూలు ప్రకారమే ఆమెకు పిలుపు రావచ్చు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ‘అభిలేఖ్ పటల్’లో పోర్ట్ బ్లెయిర్ కాగితాలు ఇంటి నుంచే చూడవచ్చు. నేను చూసినంత వరకు వాటిలో మా పెద్దాయన లేడు. పడవ ఎక్కేదాకా ఆయన మావాడు, ఎక్కిన తరవాత దొరకలేదు. అక్కడే చనిపోయాడా, ఇంకొక కాపురం పెట్టుకున్నాడా. అట్లా అయితే మాకు తెలియని చుట్టాలు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండవచ్చు. ఆ మాట అంటే మా తాత నవ్వి, “ఉంటే ఉండనీ. వాళ్ళు కూడా మనవాళ్ళే” అన్నాడు.

మాళయ అమావాస్యకు మా ఇంట్లో పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వండిన అన్నం పెడతారు. పెద్దాయన ఎప్పుడు చనిపోయాడో తెలియదని ఇన్నాళ్ళు ఆయన పేరు ఎత్తేవాళ్ళు కాదు. సముద్రం దాటినాడు కదా అన్న జంకు కూడా ఉండి ఉండవచ్చు. ఇకమీదట ఆయనకు ఒక పంచె, ఆ అవ్వకు ఒక చీర, డజను గాజులు పెట్టాలని తాత చెప్పినాడు. పేరు లేకుండా ఎట్లా పిలుస్తారు అని మా తమ్ముడు అడిగితే, “అర్జీ పెట్టిన అవ్వ అంటే ఆమెకు తెలుస్తుందిలే” అన్నాడు.

ఇది చదువుతున్న మీలో హోసూరు వాళ్ళున్నారు, గుడియాత్తం వాళ్ళున్నారు, కోవిల్‌పట్టి వాళ్ళున్నారు. మీ ఇళ్ళల్లో కూడా రంగూను పోయినవాళ్ళో, సిలోను పోయినవాళ్ళో, దీపాంతరం పోయినవాళ్ళో ఉండే ఉంటారు. వెతకాలనుకుంటే ఎగ్మోరు మన కాలేజీకి దూరమేమీ కాదు. లెటర్ మేడమ్ ఇస్తారు, చీటీ ఎట్లా రాయాలో నేను చూపిస్తాను. జిల్లా పేరు పాత లెక్కలో తెలుసుకోండి, ఊరి పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో రాసుకుని పొండి. అయితే దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని మీ అవ్వ పక్కన కూర్చోండి. వాళ్ళ అమ్మ పేరు, ఆమె అమ్మ పేరు, వాళ్ళ అత్త పేరు, ఆమె అత్త పేరు అడిగి రాసుకోండి. నేను అడిగితే మా అవ్వ ఐదు పేర్లు చెప్పి ఆగిపోయింది. ఆ ఐదూ ఇప్పుడు నా పుస్తకంలో ఉన్నాయి.